వెలుగుతున్న దీపాన్ని నమ్మొచ్చా? మురుగునీటిని శుద్ధి చేసే యూవీ దీపాల కథ

ఈరోజు మన టాపిక్ మురుగునీరు. అప్పుడే ముక్కు మూసుకోకండి, ఇందులో మంచి కథ ఉంది.

మనం వాడి పారబోసిన నీళ్లు, అంటే స్నానం నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, టాయిలెట్ నీళ్లు, అన్నీ శుద్ధి కేంద్రానికి వెళ్తాయి. ఎస్‌టీపీ అంటాం కదా, అదే. అక్కడ చెత్త తీస్తారు, మడ్డి దించుతారు, నీళ్లు తేటపడతాయి. కానీ తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్లు కావు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు వాటిలో ఇంకా లక్షల్లో ఉంటాయి. అందుకే నదిలోకి వదిలే ముందు చివరి మెట్టుగా వాటి పని పట్టాలి. దీనికి ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి క్లోరిన్, రెండోది అతినీలలోహిత కిరణాలు, అంటే యూవీ.

అమెరికా, కెనడా లాంటి చోట్ల 1980ల్లో, 90ల్లో చాలా ఊళ్లు యూవీ వైపు మళ్లాయి. అప్పుడు పెట్టిన ఆ యంత్రాలు ఇప్పుడు ముసలివైపోయాయి. పాతవి తీసేసి కొత్తవి పెట్టాలంటే కోట్లతో పని. అప్పుడు ఎవరికైనా వచ్చే డౌట్ ఒకటే: "దీపాలు వెలుగుతూనే ఉన్నాయి కదా, ఎందుకు మార్చడం?"

ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే దాదాపు 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1877. ఇంగ్లండ్‌లో ఆర్థర్ డౌన్స్, థామస్ బ్లంట్ అని ఇద్దరు. వాళ్లు చేసింది చాలా సింపుల్ ప్రయోగం. సూక్ష్మజీవులు బాగా పెరిగే ద్రావణాన్ని గాజు గొట్టాల్లో పోశారు. కొన్నింటిని ఎండలో పెట్టారు. కొన్నింటికి సీసపు రేకు చుట్టి వెలుగు తగలకుండా చేశారు. రేకు చుట్టినవి మడ్డిగా మారాయి, అంటే లోపల సూక్ష్మజీవులు పెరిగాయి. ఎండ తగిలినవి తేటగా ఉండిపోయాయి. ఎండకు క్రిముల్ని ఆపే శక్తి ఉందని అలా తేలింది. మన ఇళ్లలో పరుపులు, దుప్పట్లు ఎండలో వేసే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. వీళ్లు దాన్ని ప్రయోగంతో చూపించారు.

సరే, ఎండ రాత్రి ఉండదు, మబ్బు పట్టినా ఉండదు. మరి ఎండను మనమే తయారు చేసుకుంటే? 1901లో అమెరికాలో పీటర్ కూపర్ హ్యూయిట్ పాదరసపు ఆవిరి దీపానికి పేటెంట్ తీసుకున్నాడు. 1903లో డెన్మార్క్ డాక్టర్ నీల్స్ ఫిన్సెన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. చర్మానికి వచ్చే క్షయను వెలుగుతో నయం చేసినందుకు. అంటే ఆ రోజుల్లో వెలుగు అంటే ఒక కొత్త మందు అన్నమాట.

ఇక్కడ కొంచెం సైన్స్. మన ఇంట్లో పాత ట్యూబ్‌లైటు చూశారు కదా? దాని లోపలా పాదరసపు ఆవిరే ఉంటుంది. కరెంటు పోతే అందులో పుట్టేది ఎక్కువగా 254 నానోమీటర్ల యూవీ. అది మన కంటికి కనపడదు. గాజు లోపల పూసిన తెల్లటి పొడి దాన్ని మనకు కనిపించే వెలుగుగా మారుస్తుంది. ఆ పొడి తీసేసి, గాజుకు బదులు యూవీని బయటికి పోనిచ్చే క్వార్ట్జ్ గొట్టం పెట్టారనుకోండి, అదే క్రిముల్ని చంపే దీపం. అప్పుడు మనకు కనిపించే లేత నీలం వెలుగు ఉంది చూశారూ, అది క్రిముల్ని చంపే వెలుగు కాదు. దానితో పాటు వచ్చే వేరే వెలుగు. అసలు పని చేసేది కనపడదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

1910లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నగరంలో ఈ దీపాలతో తాగునీటిని శుద్ధి చేసే ప్లాంటు పెట్టి చూశారు. రోజుకు 200 ఘనపు మీటర్లు, అంటే 2 లక్షల లీటర్లు. ఐడియా బ్రహ్మాండం, కానీ యంత్రం నిలకడగా పనిచేయలేదు. కొద్దికాలానికే మూసేశారు. 1916లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, హెండర్సన్ ఊళ్లో మళ్లీ ప్రయత్నించారు. తర్వాత ఒహాయో, కాన్సస్ రాష్ట్రాల్లో ఇంకొన్ని ఊళ్లు పెట్టాయి. 1930లు ముగిసేసరికి అన్నీ వదిలేశాయి. ఖర్చు ఎక్కువ, రిపేర్లు ఎక్కువ. పైగా దీపం పాతబడే కొద్దీ దాని శక్తి ఎంత తగ్గుతుందో ముందుగా ఎవరూ సరిగ్గా లెక్కవేయలేదు.

ఇదే టైంలో పోటీగా క్లోరిన్ వచ్చింది. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ తాగునీటికి క్లోరిన్ కలపడం మొదలైంది. క్లోరిన్ చవక. దానికి ఇంకో గొప్ప సుగుణం ఉంది. పని అయ్యాక కూడా నీళ్లలో కొంచెం మిగిలి ఉంటుంది. చిన్న గొట్టంలో నీళ్లు తీసుకుని రెండు చుక్కల రసాయనం వేస్తే రంగు మారుతుంది. రంగు వచ్చిందా, క్లోరిన్ ఉన్నట్టు. నిమిషంలో తేలిపోతుంది. యూవీకి అలాంటి గుర్తే లేదు. వాసన లేదు, రుచి లేదు, రంగు లేదు. దీపం కింద నుంచి వెళ్లిన నీళ్లకూ, వెళ్లని నీళ్లకూ చూడ్డానికి తేడాయే ఉండదు. ఇక ఎవరైనా దేన్ని నమ్ముతారు? అందుకే దాదాపు 50 ఏళ్లు క్లోరిన్‌దే రాజ్యం.

మరి యూవీ ఎలా తిరిగొచ్చింది? క్లోరిన్ లోపాలు బయటపడ్డాయి కాబట్టి.

మొదటిది, 1974లో నెదర్లాండ్స్‌లో యోహానెస్ రూక్ అనే కెమిస్ట్, నీళ్లలో ఉండే సహజ పదార్థాలతో క్లోరిన్ కలిస్తే క్లోరోఫాం లాంటివి పుడుతున్నాయని ప్రకటించాడు. రెండోది, శుద్ధి చేసిన మురుగునీటితో పాటు వెళ్లిన క్లోరిన్ నదిలో చేపల్ని చంపుతోంది. దాంతో ముందు క్లోరిన్ కలపడం, తర్వాత ఇంకో రసాయనం వేసి దాన్ని తీసేయడం, డబుల్ పని, డబుల్ ఖర్చు. మూడోది భద్రత. ఇక్కడ మన దేశం వస్తుంది. 1984 డిసెంబరులో భోపాల్ విషాదం జరిగింది. అక్కడ లీకైంది క్లోరిన్ కాదు, మిథైల్ ఐసోసయనేట్. కానీ ఊరి మధ్యలో విషవాయువు నిల్వ చేస్తే ఏమవుతుందో ప్రపంచమంతా చూసింది. 1986లో అమెరికా ఒక చట్టం తెచ్చింది. ఎక్కడెక్కడ ఎంత ప్రమాదకర రసాయనం ఉందో చుట్టుపక్కల జనానికి తెలియాలి అని. ఆ జాబితాలో క్లోరిన్ కూడా ఉంది. టన్నుల కొద్దీ క్లోరిన్ సిలిండర్లు పెట్టుకున్న శుద్ధి కేంద్రాలు ఇక వేరే దారి ఆలోచించాల్సి వచ్చింది.

అప్పటికే కెనడాలోని ఒంటారియోలో ట్రోజన్ అనే కంపెనీ ఒక మంచి డిజైన్ తెచ్చింది. మురుగునీరు పారే తెరిచిన కాలువలోకే దీపాల వరసల్ని ఫ్రేములతో సహా దించేయడం. రిపేరు వస్తే ఫ్రేము పైకి లాగి చూసుకోవచ్చు. 1986లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వేసిన డిజైన్ పుస్తకంలో మురుగునీటికి యూవీ వాడే పద్ధతి కూడా చేరింది. అలా ఊరూరా కాలువల్లో నీలి వెలుగులు వచ్చాయి.

కానీ అసలు మార్పు దీపంలో కాదండీ, కొలతలో వచ్చింది. యూవీ క్రిమిని కాల్చి చంపదు. దాని డీఎన్‌ఏని దెబ్బతీస్తుంది, ఇక అది పిల్లల్ని పెట్టలేదు. దెబ్బ తక్కువగా తగిలితే? 1949లో అమెరికాలో ఆల్బర్ట్ కెల్నర్ ఒక వింత చూశాడు. యూవీ దెబ్బ తిన్న సూక్ష్మజీవుల్ని మామూలు వెలుగులో పెడితే చాలావరకు మళ్లీ కోలుకుంటున్నాయి! ఆలోచించండి, మురుగునీరు ప్లాంటు దాటి వెళ్లేది ఎక్కడికి? ఎండ పడే నదిలోకే. కాబట్టి "ఏదో కొంచెం వెలుగు తగిలింది" అంటే కుదరదు. కోలుకోలేనంత డోసు పడాలి. అందుకే 1990ల్లో ఆస్ట్రియా, జర్మనీ తాగునీటి యంత్రాలకు కఠినమైన పరీక్ష పెట్టాయి. కంపెనీవాళ్ల మాట మీద నమ్మకం పెట్టుకోకుండా, బతికున్న సూక్ష్మజీవుల్నే యంత్రం గుండా పంపించి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వెలుగుతున్న దీపాల్ని ఎందుకు మార్చాలి?

దీపం రకాన్ని బట్టి దాని ఆయుష్షు దాదాపు 8,000 నుంచి 16,000 గంటలు. ఏడాదికి 8,760 గంటలు కదా, అంటే ఏడాదికో రెండేళ్లకో దీపాలు మార్చాల్సిందే. వాడేకొద్దీ గొట్టం లోపలి గోడ నల్లబడుతుంది, యూవీ తగ్గుతుంది. నీలం వెలుగు మాత్రం కనిపిస్తూనే ఉంటుంది! దీపానికి తొడిగిన క్వార్ట్జ్ తొడుగు మీద బయట సున్నం, ఇనుము, జిగురు పేరుకుంటాయి. బకెట్‌లో వాటర్ హీటర్ కడ్డీకి తెల్లగా గార పడుతుంది చూడండి, అలా. దాన్ని తుడిచే పరికరం అరిగిపోతుంది. చోక్‌లు పాడవుతాయి. యూవీ ఎంత వస్తోందో కొలిచే సెన్సర్ కూడా ముసలిదవుతుంది.

ఈ సెన్సర్ సంగతే అన్నిటికంటే సీరియస్. నీళ్లలో ఈ.కోలి ఎంత ఉందో ల్యాబ్‌లో తేలడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. మామూలు పద్ధతిలో అయితే అంతే. కానీ నీళ్లు దీపాల మధ్య ఉండేది కొన్ని సెకన్లే. రిపోర్టు వచ్చేసరికి ఆ నీళ్లు నదిలో ఎంతో దూరం వెళ్లిపోయి ఉంటాయి. దిగువన పిల్లలు ఈత కొడుతుండొచ్చు, ఇంకో ఊరు ఆ నీళ్లనే తోడుకుంటుండొచ్చు. ఆ క్షణంలో నిజం చెప్పగలిగేది సెన్సర్ ఒక్కటే. అది తప్పు చెప్తే ప్లాంటుకు కళ్లు లేనట్టే.

ఇంకోటి, 20 ఏళ్లు దాటితే విడిభాగాలు దొరకవు. కంపెనీ ఆ మోడల్ ఆపేసి ఉంటుంది. మీ పాత ఫోన్‌కు అప్‌డేట్‌లు ఆగిపోయినట్టే. కరెంటు సంగతి సరేసరి. 90ల్లో చాలా చోట్ల మీడియం ప్రెషర్ దీపాలు పెట్టారు. తక్కువ దీపాలతో పని అవుతుంది, కానీ అవి తినే కరెంటులో పనికొచ్చే యూవీగా మారేది 10 నుంచి 15 శాతమే. లో ప్రెషర్ రకాల్లో అది 30 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. అంటే పాత యంత్రాన్ని ఉంచుకోవడం కూడా ఖర్చే, అది కరెంటు బిల్లులో దాక్కుని ఉంటుంది.

మార్చడం కూడా అంత ఈజీ కాదు. ఊరికి "రేపు టాయిలెట్ వాడకండి" అని చెప్పలేం కదా! ఒక కాలువ మూసి ఇంకో కాలువలో నీళ్లు నడుపుతూ పని చేయాలి. చలి దేశాల్లో చాలా ప్లాంట్లకు చలికాలంలో ఈ చివరి మెట్టు తప్పనిసరి కాదు, అప్పుడు నదిలో ఈత కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి. ఆ నెలల్లోనే గబగబా పని ముగిస్తారు. కొత్త దీపాలు పాత కాలువ కొలతల్లో ఇమడాలి. ఇమడకపోతే సిమెంటు పగలగొట్టాల్సిందే.

మన దగ్గర సంగతేంటి? 2017లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ఎస్‌టీపీ నుంచి బయటికొచ్చే నీళ్లలో మలం నుంచి వచ్చే కోలిఫాం బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 1,000 లోపే ఉండాలి. కొత్త ప్లాంటు ప్రారంభించేటప్పుడు రిబ్బన్ కటింగ్ ఉంటుంది, ఫోటోలు ఉంటాయి. ఇరవయ్యేళ్ల తర్వాత చోక్‌లు, సెన్సర్లు మార్చేటప్పుడు ఎవరూ ఫోటో తీయరు. కానీ 1930ల్లో ఆ ఊళ్లను ఓడించింది ఈ మెయింటెనెన్సే. యూవీ సైన్స్‌లో అప్పుడూ తప్పు లేదు.

ఇంకో మాట. మీ ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్‌లో యూవీ ఉందా? చాలా మెషీన్లలో బయట వెలిగే చిన్న లైటు కరెంటు వస్తోందని మాత్రమే చెప్తుంది, లోపలి దీపానికి ఎంత శక్తి మిగిలిందో చెప్పదు. కాబట్టి ఈరోజే ఒక పని చేయండి. ఆ దీపం చివరిసారి ఎప్పుడు మార్చారో అమ్మానాన్నల్ని అడగండి. తెలియదంటే సర్వీస్ వాళ్లకు ఫోన్ చేయండి. మీరు మాత్రం విప్పి ఆ దీపం వైపు చూడకండి, కళ్లకు ప్రమాదం.

మీ ఊళ్లో మురుగునీరు చివరికి ఎక్కడ కలుస్తుందో తెలిస్తే కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.