స్టూడెబేకర్ సోదరులు: బండి నుండి మోటారుకారు వరకు

కులవృత్తి యంత్రయుగమున నిలుచుట యొకటి, ఆ వృత్తిని పోషించిన కుటుంబము నిలుచుట వేఱొకటి. ఈ భేదమును గుర్తింపనిచో వృత్తుల చరిత్ర సమగ్రము కాదని మా యభిప్రాయము. అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, సౌత్ బెండ్ పట్టణమందు వెలసిన స్టూడెబేకర్ కర్మశాల యిందులకు నిదర్శనము.

ఈ సోదరుల తండ్రి కమ్మరము, బండిపని యెఱిగినవాడు. కుమారు లాయనయొద్దనే పని నేర్చిరి. 1852లో హెన్రీ, క్లెమెంట్ అనువారు 68 డాలర్ల మూలధనముతో సౌత్ బెండున కొలిమి పెట్టిరి. వారి తమ్ముడు జాన్ మోలర్ మఱుసటి యేట బంగారపు గనులను వెదకుచు కాలిఫోర్నియా కేగెను. అచట బంగారము త్రవ్వక, త్రవ్వువారికి ఒంటిచక్రపు తోపుడుబండ్లు చేసి యమ్మెను. 1858లో 8,000 డాలర్లతో మరలివచ్చి హెన్రీ భాగమును కొనెను. హెన్రీ యుద్ధమును నిరసించు డంకర్డు క్రైస్తవ శాఖకు చెందినవాడు. సైన్యమునకు బండ్లు చేయుట కాతని మనసొప్పలేదు. 1861లో అంతర్యుద్ధ మారంభమైన పిమ్మట ఉత్తర రాష్ట్రముల సేనల కీ బండ్లు విరివిగా పోయినవి. 1868లో సోదరులు కంపెనీ నేర్పఱచిరి. పీటర్ అమ్మకములను, జేకబ్ గుఱ్ఱపుబగ్గీల నిర్మాణమును చూచుచుండిరి. పని, పెత్తనము, లాభము ఒకే యింట నుండెను.

మోటారు వచ్చినతోడనే యీ కూర్పు సడలినది. మార్పునకు పూనుకొన్నవాడు జాన్ మోలర్ అల్లుడు, న్యాయవాది యైన ఫ్రెడరిక్ ఫిష్. 1902లో విద్యుత్కారులు, 1904లో పెట్రోలు కారులు వెలువడినవి. అయితే పెట్రోలు కారులకు ఇంజను, చట్రము ఒహాయోలోని గార్ఫర్డ్ కంపెనీ చేసి పంపుచుండగా, సౌత్ బెండువారు వానిపై బాడీ కట్టుచుండిరి. చేతిపని వారిదే, యంత్రవిద్య పరులది. ఆ కొఱత తీర్చుకొనుటకు డెట్రాయిట్‌లోని మోటారు సంస్థను కలుపుకొని 1911లో కార్పొరేషనుగా మాఱిరి. అందులకు వలసిన ధనము బజారునుండి రావలసివచ్చెను. ఐదుగురు సోదరులలో కడపటివాడైన జాన్ మోలర్ 1917లో గతించెను. 1920 ప్రాంతమున బండ్ల నిర్మాణము కూడ ఆగిపోయెను. పేరు మాత్రము మిగిలెను.

ఆ పేరుతో కారులు మఱి నలువదియేండ్లకు పైగా నడచినవి. 1963 డిసెంబరులో సౌత్ బెండ్ కర్మాగారము మూతపడెను. 1966 మార్చిలో కెనడాలోని హామిల్టన్ శాఖయు ఆగెను. సౌత్ బెండున అఱువది యేండ్లు నిండని వేలాది కార్మికులలో కొందఱికి రావలసిన పింఛనులో స్వల్పభాగమే దక్కెను. పలువురకు అదియు లేదు. 1974లో అమెరికా చేసిన పింఛను రక్షణ చట్టమునకు ఈ యుదంతము ప్రేరకములలో నొకటి.

మోటారును కాదనియున్నచో ఆ కర్మశాల గుఱ్ఱపుబండితోడనే నశించియుండెడిది. కావున ఫిష్ నిర్ణయమును తప్పుపట్టజాలము. కాని కొలిమియొద్ద యజమానియు పనివాడును ఒకరి మొగ మొకరు చూచుచుండిరి. పెత్తనము వాటాదారులకు పోయినపు డా బాధ్యతను చట్టమునకు అప్పగింపవలసి యుండెను. అమెరికా యా పని చేయుటకు అఱువది మూడేండ్లు పట్టినది. కుటుంబ పరిశ్రమల చరిత్ర వ్రాయువారు యంత్రముల జాబితాతోపాటు ఈ జాప్యమునుగూడ లెక్కకు తీసికొనవలెనని మేము తలంచుచున్నాము.