పెట్టుబడి సలహాదారుల రిజిస్ట్రేషన్ పరిశీలన

ఆన్‌లైన్‌లో షేర్లు, ఫండ్ల గురించి సలహా చెప్పే మనిషికి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అనుమతి ఉందా, ఆ అనుమతి నిజంగా అతనిదేనా అని మదుపరి సరిచూసుకునే పద్ధతి. సెబీ చట్టం (1992) 12వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ పెట్టుబడి సలహాదారుగా వ్యవహరించరాదు. సలహాదారుల నిబంధనలు 2013లో, రీసెర్చ్ అనలిస్టుల నిబంధనలు 2014లో వచ్చాయి.

ప్రాంతీయ నేపథ్యం

ఏలూరు పరిసరాల్లో ఈ ప్రస్తావన అగ్రిగోల్డ్‌ను తాకకుండా సాగదు. అది ఆన్‌లైన్ సలహా వ్యవహారం కాదు. ఇంటికొచ్చి బాండు రాసిచ్చే ఏజెంటు నడిపిన వ్యాపారం. 1995లో మొదలైన ఈ సంస్థ గడువు తీరాక స్థలమో, హెచ్చు రాబడితో సొమ్మో ఇస్తామని డిపాజిట్లు సేకరించింది. చెల్లింపులు నిలిచిన కాలాన్ని బట్టి కొందరు పతనాన్ని 2014 చివరికి చెబుతారు. ఏలూరు పక్కనున్న పెదపాడు పోలీసుస్టేషనులో కేసు నమోదును ప్రమాణంగా తీసుకుంటే 2015 ఆరంభం అనడమే సబబు. దర్యాప్తు తరువాత సీఐడీకి వెళ్లింది, విచారణ ఏలూరు కోర్టుకు చేరింది.

బాధితుల సంఖ్య 32 లక్షలని పత్రికల్లో తరచు కనబడుతుంది. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) ప్రకటనలను చూస్తే అది ఖాతాల లెక్క. మనుషులు 19 లక్షల పైచిలుకు, సేకరించిన మొత్తం సుమారు 6,380 కోట్ల రూపాయలు. ఒకే ఇంట్లో రెండు మూడు బాండ్లుండడం మామూలే కనుక ఈ రెండో లెక్కే నమ్మదగినదిగా తోస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబరులో పదివేల లోపు, 2021 ఆగస్టులో ఇరవై వేల లోపు డిపాజిట్‌దారులకు చెల్లింపులు జరిపింది.

కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉండటమూ, జనం దగ్గర డబ్బు తీసుకునే అనుమతి ఉండటమూ ఒకటి కావు. అప్పట్లో రెంటినీ కలిపి చూసినవారే ఎక్కువ. కొల్లేరు చేపల చెరువుల్లో పట్టుబడి అయ్యాకో, తాడేపల్లిగూడెం మిల్లులో ధాన్యం పడ్డాకో సొమ్ము ఒక్కసారిగా చేతికొస్తుంది. అలాంటి రోజుల్లో తెలిసినవాడి మాటకుండే బరువు కాగితానికి ఉండదు. ఇప్పుడు ఆ తెలిసినవాడి స్థానంలో రోజూ ఫోనులో కనబడే మొహం వచ్చి కూర్చుంది.

సరిచూసే విధానం

సలహాదారు నంబరు ఐఎన్ఏ అనీ, రీసెర్చ్ అనలిస్టుది ఐఎన్‌హెచ్ అనీ, బ్రోకరుది ఐఎన్‌జడ్ అనీ మొదలవుతాయి. అక్షరాల తరువాత తొమ్మిది అంకెలుంటాయి. మ్యూచువల్ ఫండ్లు అమ్మేవారికి ఫండ్ సంస్థల సంఘం యాంఫీ ఇచ్చే ఏఆర్ఎన్ నంబరు వేరు. అది పంపిణీదారు గుర్తింపే తప్ప సలహాదారు లైసెన్సు కాదు. చీటీల వ్యవహారం 1982 చట్టం కింద చిట్స్ రిజిస్ట్రారు పరిధిలోది, సెబీ నంబరుతో దానికి పనిలేదు.

నంబరు నిజమైనదైతే సరిపోదు. అసలు సలహాదారు నంబరును ఇంకొకరు తమ టెలిగ్రామ్ గ్రూపు పైన అతికించుకోవడం తరచుగా వాడే ఎత్తు. అందుకే సెబీ జాబితాలో పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు చూసి, గ్రూపులో ఇచ్చిన నంబరుకు కాక ఆ జాబితాలోని నంబరుకు ఫోను చేసి అడగాలి. 2025 అక్టోబరు 1 నుంచి మదుపరుల సొమ్ము తీసుకునే రిజిస్టర్డ్ సంస్థల యూపీఐ ఐడీలో 'వ్యాలిడ్' అనే మాట ఉండాలని సెబీ నిర్దేశించింది. వ్యక్తిగత ఖాతాకో, ఇంకెవరి పేరునో ఉన్న ఖాతాకో ఫీజు పంపమంటే అక్కడితో ఆపేయవచ్చు. లాభం ఖాయమని చెప్పే హక్కు రిజిస్టర్డ్ సలహాదారుకు కూడా లేదు. స్థిర ఫీజు పద్ధతిలో కుటుంబానికి ఏడాదికి 1,51,000 రూపాయలు మించి తీసుకోరాదు.

మినహాయింపులు, సందులు

మార్కెట్ పోకడలపై బహిరంగంగా చేసే సాధారణ వ్యాఖ్యలకు 2013 నిబంధనల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యూట్యూబ్ పాఠాలవారు ఎక్కువగా ఈ నీడనే నిలబడతారు. 2023 అక్టోబరులో 'బాప్ ఆఫ్ చార్ట్' పేరుతో నడిచిన కోర్సుల వ్యవహారంలో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. శిక్షణ ముసుగులో షేర్ల సిఫారసులు జరిగాయని అందులో ప్రాథమికంగా భావించి, సుమారు 17.2 కోట్ల రూపాయలను జమచేయమంది. 2024 ఆగస్టులో సెబీ నిబంధనలకు సవరణ వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా సలహాలిచ్చేవారితోనూ, రాబడి గురించి అనుమతి లేని హామీలిచ్చేవారితోనూ బ్రోకర్ల వంటి సంస్థలకు లావాదేవీలు, ప్రచార సంబంధాలు కుదరవని అది చెప్పింది. 2025 జనవరి 29 నాటి సర్క్యులరు ప్రకారం పాఠం చెప్పేవారు మూడు నెలల లోపు ధరలు చూపించి షేర్ల పేర్లు చెబితే అది పాఠం కిందికి రాదు. నిన్నటి ధరతో నడిచే 'ఉచిత క్లాసు'ను గుర్తుపట్టడానికి మదుపరికి ఇంతకంటే తేలికైన కొలత ప్రస్తుతానికి లేదు.

ఫిర్యాదులు

రిజిస్టర్డ్ సలహాదారుపై ఫిర్యాదుకు సెబీ స్కోర్స్ పోర్టల్ (2011) ఉంది. అనుమతి లేని డిపాజిట్ల సేకరణ సమాచారానికి రిజర్వు బ్యాంకు 2016లో సచేత్ పోర్టల్ ప్రారంభించింది. మోసగాడి ఖాతాకు సొమ్ము వెళ్లిపోతే ముందుగా చేయవలసింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను. ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.