పాస్‌వర్డ్ కరెక్టే, కాలమే మారింది

2022లో ఓ ఆదివారం నాన్న ఫోన్. "ఒరేయ్, మెయిల్స్ రావట్లేదురా. పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా మళ్ళీ అడుగుతోంది." ఆయనది పాతకాలపు డెస్క్‌టాప్ మెయిల్ ప్రోగ్రామ్. "అకౌంట్ తీసేసి మళ్ళీ పెట్టు నాన్నా" అనబోయి నాలిక్కరుచుకున్నా.

ఎందుకో చెప్పాలంటే కాస్త చరిత్ర చెప్పాలి. 1984 నాటి పాప్ పద్ధతిలో మెయిల్ మన డిస్కులోకి దిగిపోతుంది, సర్వర్లో మామూలుగా మిగలదు. 1986లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ క్రిస్పిన్ తయారుచేసిన ఐమ్యాప్‌లో అసలు సర్వర్లోనే ఉంటుంది, మన దగ్గరుండేది నకలే. నాన్నది పాప్. అమ్మ అమెరికాలో నా దగ్గరున్నప్పుడు ఆయనకి రాసిన మెయిల్స్ ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు.

మరి సింకు ఎందుకాగింది? రెండు పద్ధతుల్లోనూ ఏళ్ళ తరబడి పాస్‌వర్డే తాళంచెవి. 2012లో ఓఆథ్ 2.0 ప్రమాణం వచ్చింది. ఇందులో ప్రోగ్రామ్ చేతికి పాస్‌వర్డ్ ఇవ్వం, టోకెన్ ఇస్తాం. 2022లో గూగుల్ మే 30న సొంత ఖాతాలకి, మైక్రోసాఫ్ట్ అక్టోబర్ 1 నుంచి ఆఫీసు ఖాతాలకి పాత తాళాలు మార్చడం మొదలెట్టాయి. నాన్న మెయిల్ సర్వీసూ అదే దారి పట్టిందన్నమాట.

ముందు ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ తీయించా. తర్వాతే కొత్త వెర్షన్, టోకెన్. మెయిల్స్ వచ్చాయి, అమ్మవీ భద్రం.

సింకు ఆగితే డిలీట్ మీదకి చెయ్యి పోనివ్వకండి. ముందు కాపీ, తర్వాతే రిపేరు.