నీళ్లు తీశాక వచ్చిన పిల్లలు, మన ఊరి జాబితా

భద్రాచలం దగ్గర గోదావరిని మనం అడుగుల్లోనే చెప్పుకుంటాం. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. అంతకు మించిన వరద మళ్లీ రాలేదు. 1990లో 70.8, 2022 జూలైలో 71.3. ఈ అంకెలు మన పిల్లలకు కూడా నోటికి వచ్చు. కానీ నీళ్లు తీసిన తర్వాత మన ఇళ్లకు ఎవరు వచ్చారు, ఏం రాసుకున్నారు, దాని వల్ల మనకు ఏం ఒరిగింది అన్నది అంతగా చెప్పుకోం. అందుకే ఈ ఏడాది నివేదికలో యూనివర్సిటీల నుంచి వచ్చే సోషల్ వర్క్ విద్యార్థుల గురించి రాస్తున్నాం.

సాయం చేయడం కూడా ఒక చదువేనా అని మనలో చాలామంది అడిగారు. చదువే. బొంబాయిలో 1936లో టాటాల ట్రస్టు దీనికోసం ఒక విద్యాసంస్థ పెట్టింది. మన దేశంలో అదే మొదటిది. ఇప్పుడు దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అంటారు. దేశ విభజన సమయంలో అక్కడి విద్యార్థులు శరణార్థుల శిబిరాల్లో పనిచేశారు. తర్వాత ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ యూనివర్సిటీల్లోనూ ఎంఎస్‌డబ్ల్యూ వచ్చింది. ఈ చదువులో క్లాసులతో పాటు ఊళ్లల్లో, బస్తీల్లో ఫీల్డ్ వర్క్ చేయడం తప్పనిసరి. ఇది కాక, గాంధీ శతజయంతి ఏడాది 1969లో 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో ఎన్ఎస్ఎస్ మొదలైంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఎక్కడెక్కడి నుంచో విద్యార్థులు, వాలంటీర్లు కదిలి వచ్చారు.

1986 నాటికి మన ఊళ్లల్లో చాలావాటికి సంఘం లేదు. డ్వాక్రా 1982లో మొదలైనా అప్పటికి అన్నిచోట్లకీ రాలేదు. కుటుంబం అంటే ఇంటాయన పేరే. ఆడవాళ్లు పోగొట్టుకున్న కోళ్లు, మేకలు, విత్తనాలు, వంటపాత్రలు ఎవరి లెక్కలోకి వస్తాయి? 2013 ఆహార భద్రత చట్టం వచ్చాకే రేషన్ కార్డుకు ఇంట్లో పెద్ద ఆడమనిషిని కుటుంబ పెద్దగా రాయాలన్న నియమం వచ్చింది.

2022 నాటికి మన చేతిలో సంఘాలున్నాయి. ఆ జూలైలో భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు, అశ్వాపురం వైపు ఊళ్లు మునిగాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు, 20 కిలోల బియ్యం ప్రకటించింది. 2014లో ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి కాబట్టి, ఆ వైపున్న మన చుట్టాలకు తక్షణ సాయం 2,000 రూపాయలే ప్రకటించారు. ముంచింది ఒకే నది, ఇచ్చిన లెక్కలు రెండు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగింది. గోదావరి అడుగు అడుగుగా పెరుగుతుంది, సర్దుకోవడానికి కొంత టైము ఇస్తుంది. మున్నేరు అంత టైము ఇవ్వలేదు. ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ లాంటి బస్తీల్లో జనం కట్టుబట్టలతో మిగిలారు. అప్పుడు మొదట 10,000 అన్న సాయాన్ని తర్వాత ఇంటికి 16,500 చేశారు.

పడవల మీద జనాన్ని దాటించేది విద్యార్థులు కాదు. ఆ పని జాలర్లది, రెస్క్యూ బృందాలది. పిల్లల పని నీళ్లు తీశాక మొదలవుతుంది. బురద ఎత్తడం, బ్లీచింగ్ చల్లడం, తడిసిన కాగితాలు ఆరబెట్టడం, పోయిన ఆధార్‌కు, పాసు పుస్తకానికి అర్జీ రాసిపెట్టడం. అన్నిటికంటే విలువైనది ఇంటింటి జాబితా. సాయం జాబితా ప్రకారమే వస్తుంది. అందులో పేరు లేకపోతే నష్టం లేనట్టే.

బాగా నేర్చుకుని వచ్చిన విద్యార్థి "ఇల్లు ఎవరిది?" అని అడిగి ఊరుకోదు. "ఈ ఇంట్లో పొయ్యిలెన్ని?" అని అడుగుతుంది. రెండు పొయ్యిలుంటే రెండు కుటుంబాలు. అప్పుడే అద్దెకున్నవాళ్లు, వేరు పడ్డ కొడుకు కోడలు, అన్న ఇంట్లో ఉంటున్న ఒంటరి మహిళ లెక్కలోకి వస్తారు. పట్టా లేని పోడు భూమి, కౌలు చేను, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఏ కార్డూ లేకుండా అడవిలో ఉంటున్న గుత్తికోయ కుటుంబాలు కూడా ఇలా అడిగితేనే బయటపడతాయి. నెలసరి గుడ్డలు, గర్భిణులు, బాలింతలు, పునరావాస కేంద్రంలో మరుగుదొడ్డికి వెళ్లే దారిలో దీపం ఉందా లేదా అన్నది కూడా వాళ్లు రాసుకోవాలి.

అయితే ఈ పని వాళ్లొక్కరితో అయ్యేది కాదు. కోయ మాట వాళ్లకు రాదు. ఏ ఇల్లు ఎవరిదో తెలియదు. సంఘం అక్క పక్కన నడిస్తేనే తలుపులు తెరుచుకుంటాయి, మాటలు వస్తాయి.

చెప్పుకోవాల్సిన ఇబ్బందులూ ఉన్నాయి. ఒకే ఇంటికి మూడు గుంపులు వచ్చి అవే ప్రశ్నలు అడిగితే జనం విసుగెత్తిపోతారు. పిల్లలు పదిహేను రోజులుండి పరీక్షలకు వెళ్లిపోతారు. జాబితా వాళ్ల ప్రాజెక్టు రిపోర్టులోకి పోతే మనకు కాగితం ముక్క మిగలదు. పునరావాసం పదిహేను రోజుల పని కాదు. 2022లో ఎత్తయిన చోట శాశ్వత కాలనీల కోసం 1,000 కోట్లు ప్రకటించారు. ఇలాంటి మాట నెరవేరిందా లేదా అని ఏళ్ల తరబడి వెంటపడి అడగాల్సింది ఇక్కడే ఉండే మనం.

అందుకని అక్కచెల్లెళ్లారా, ప్రతి గ్రామ సమాఖ్యా ఈ నాలుగు పనులు చేసుకుందాం.

ఒకటి, ఏటా వానలకు ముందే పొయ్యిల లెక్కన ఊరి జాబితా రాసి మీటింగులో చదివి వినిపిద్దాం. పేరు లేనివాళ్లు అక్కడే చెబుతారు.

రెండు, కార్డుల, పాసు పుస్తకాల, పొదుపు పుస్తకాల జిరాక్సులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి ముంపు తగలని చోట ఉంచుదాం.

మూడు, సాయానికి వచ్చిన విద్యార్థులకు ఒక్కొక్కరికి ఒక సంఘం సభ్యురాలిని తోడిద్దాం. జాబితా కాపీ సమాఖ్యలో ఇచ్చాకే ఊరు దాటాలని ముందే చెబుదాం.

నాలుగు, మన ఆడపిల్లల్లో డిగ్రీ అయినవాళ్లను ఈ చదువు వైపు పంపుదాం. కోయ మాట వచ్చిన పిల్ల, వరదలో పెరిగిన పిల్ల జాబితా రాస్తే, ఏ పొయ్యీ తప్పిపోదు.