జైలోజు నుంచి ఇథనాలు: ఈస్టు జన్యుసవరణ చరిత్రలో అడ్డంకి మారిన తీరు

మద్యం, రొట్టెల తయారీలో వేల ఏళ్లుగా వాడుకలో ఉన్న సాకరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టు గ్లూకోజును సులువుగా ఇథనాలుగా మారుస్తుంది. మొక్కజొన్న చొప్ప వంటి వ్యవసాయ వ్యర్థాలలో గ్లూకోజు తరువాత అధికంగా లభించే జైలోజును మాత్రం పులియబెట్టలేదు. 1973 చమురు సంక్షోభానంతరం పరిశోధకులను ఈ లోపమే ఆకర్షించింది. ఈ చరిత్రను సాధారణంగా జన్యుశాస్త్ర విజయగాథగా చెబుతారు. కాలక్రమంలో పరిశీలిస్తే, ఒకచోట తొలగిన అడ్డంకి మరొకచోట ఎదురైన వైనమే ఎక్కువగా కనిపిస్తుంది.

1980 ప్రాంతంలో కెనడా, అమెరికా ప్రయోగశాలలు ఒక కీలకాంశాన్ని గుర్తించాయి. జైలోజును వాడుకోలేని ఈ ఈస్టు, అవే పరమాణువులు వేరొక అమరికలో ఉన్న జైలులోజును పులియబెట్టగలదు. అంటే ప్రధాన లోపం మొదటిదాన్ని రెండవదానిగా మార్చే మెట్టులో ఉన్నది. బాక్టీరియాలలో ఆ పనిని ఐసోమరేజు అనే ఒకే ఎంజైము చేస్తుంది. దాని జన్యువును ఈస్టులో ప్రవేశపెట్టిన తొలి యత్నాలు ఫలించలేదు.

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో, చైనాలో జన్మించిన నాన్సీ హో బృందం వేరే దారి పట్టింది. పికియా స్టిపిటిస్ అనే మరొక ఈస్టు నుంచి రెండు జన్యువులను తీసుకొని, వాటికి జైలులోకైనేజు జన్యువును జోడించి, 1993లో రెండు చక్కెరలనూ కలిపి పులియబెట్టే ఈస్టును రూపొందించింది. అయితే ఈ మార్గంలో మొదటి ఎంజైము ప్రధానంగా ఎన్‌ఏడీపీహెచ్‌ను ఖర్చుచేయగా, రెండవది ఎన్‌ఏడీని కోరుతుంది. ఈ సహఎంజైముల జమాఖర్చు సరిపోక కొంత జైలోజు జైలిటాలుగా మిగిలిపోతుంది.

ఈ చిక్కులేని ఐసోమరేజు చివరకు ఏనుగు లద్దెలో దొరికింది. భారతీయ ఏనుగు లద్దె నుంచి వేరుచేసిన పైరోమైసిస్ ఇ2 అనే శిలీంధ్రపు జన్యువును 2003లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పరిశోధకులు ఈస్టులో పనిచేయించారు. తొలి జాతి జైలోజుపై అతి నెమ్మదిగా పెరిగింది. దానిని తరాల తరబడి జైలోజుపైనే పెంచి, వేగంగా పెరిగిన కణాలను ఏరుకోవలసి వచ్చింది. జన్యుసవరణ గాథలలో అంతగా ప్రస్తావనకు రాని ఈ పద్ధతి, మేలైన కంకులను విత్తనానికి దాచుకొనే రైతు పనికి చాలా దగ్గరది.

2014లో అయోవా రాష్ట్రంలోని ఎమెట్స్‌బర్గ్‌లో మొక్కజొన్న చొప్ప, బెండ్ల నుంచి ఏటా 2 కోట్ల గ్యాలన్ల ఇథనాలు తీసే లక్ష్యంతో పోయెట్-డీఎస్ఎం కర్మాగారం ప్రారంభమైంది. చొప్పను పులియబెట్టడానికి ముందు శుద్ధిచేసే దశే అక్కడ ఏళ్ల తరబడి ఇబ్బంది పెట్టింది. 2019లో ఉత్పత్తి నిలిపివేసినప్పుడు సంస్థ చూపిన కారణం ఈస్టు కాదు. సమాఖ్య ప్రభుత్వపు ఇంధన విధానం అమలైన తీరు.