దారి చూపే పరికరం: చారిత్రక పరిశీలన

బౌరంపేట్ నుంచి శంషాబాద్‌కు మోటారు సైకిల్‌పై వెళ్లాలనుకోండి. మీరు కొనబోయే జి.పి.ఎస్. పరికరం రెండు పనులు చేయాలి: మీరున్న చోటును గుర్తించాలి, పటంపై దారిని చూపాలి. ఈ రెండింటి చరిత్రలు వేరు.

పటం సర్వేల నుంచి వచ్చింది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఆధార రేఖను కొలిచి, కోణాల ద్వారా దూరాలను లెక్కించే త్రిభుజీకరణ సర్వేను ప్రారంభించాడు. 1819లో జార్జ్ ఎవరెస్ట్ నిజాం రాజ్యంలో, కృష్ణా గోదావరి నదుల మధ్య అదే పని చేస్తూ జ్వరం పాలయ్యాడు.

స్థాన నిర్ణయం సైనిక అవసరం నుంచి పుట్టింది. అమెరికా 1978లో తొలి జి.పి.ఎస్. ఉపగ్రహాన్ని ప్రయోగించింది. 2000 మే వరకు పౌరులకు అందే సంకేతంలో కావాలనే తేడా కలిపేది. సంకేతం పరాయి దేశం చేతిలో ఉంటే ఏమవుతుందో దీన్నిబట్టి గ్రహించవచ్చు. భారతదేశం తన సొంత వ్యవస్థకు తొలి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోట నుంచి పంపింది. అదే నేటి నావిక్.

ఇక ఎంపిక సంగతి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గంపై ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. సర్వీసు రోడ్డులోనే వెళ్లాలి. కార్ల కోసం చేసిన పరికరం మిమ్మల్ని ప్రధాన మార్గం ఎక్కమంటుంది. ఉపగ్రహానికి ఈ నిబంధన తెలియదు. పటంలో మనుషులే దాన్ని నమోదు చేయాలి. కాబట్టి ద్విచక్ర వాహన మార్గాన్ని ఎంచుకొనే వీలు, పటాన్ని ఎప్పటికప్పుడు మార్చుకొనే సౌకర్యం ఉన్నాయా అని ముందు చూడండి. వానను, కుదుపులను తట్టుకుంటుందా అన్నది ఆ తరువాత.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: స్థానం సరిగ్గా తెలిసినా దారి ఎందుకు తప్పవచ్చు?