డ్రిల్లింగ్ రైజర్ ప్లవన పరికరాలు

సముద్రగర్భంలోని చమురు, సహజవాయు బావికి, పైన తేలుతున్న డ్రిల్లింగ్ నౌకకు మధ్య నిలువుగా ఉండే ఉక్కు గొట్టాన్ని డ్రిల్లింగ్ రైజర్ అంటారు. నీటిలో ఈ గొట్టపు బరువును తగ్గించడానికి దాని చుట్టూ బిగించే తేలిక దిమ్మెలే ప్లవన పరికరాలు. వీటిని బాయన్సీ మాడ్యూళ్ళు అని కూడా పిలుస్తారు.

అవసరం

రైజర్ లోపలి నుండి తవ్వే కడ్డీ బావిలోకి దిగుతుంది. తవ్వకంలో వాడే బురద, రాతిపొడి దాని ద్వారానే పైకి వస్తాయి. రైజర్ అడుగుభాగం సముద్రపు నేలపై ఉన్న బ్లోఅవుట్ ప్రివెంటర్‌కు కలిసి ఉంటుంది. లోతు సముద్రంలో సాధారణంగా 21 అంగుళాల వ్యాసం గల రైజర్‌ను వాడతారు. 23 నుండి 27 మీటర్ల పొడవైన ముక్కలను ఒకదానికొకటి కలుపుతూ దీనిని నీటిలోకి దించుతారు. 3,000 మీటర్ల లోతుకు వందకు పైగా ముక్కలు కావాలి. వాటి మొత్తం బరువు వెయ్యి టన్నులు దాటుతుంది. నౌకపై ఉండే టెన్షనర్లు పైకి లాగి పట్టుకోకపోతే రైజర్ తన బరువుకు తానే వంగిపోతుంది. ఈ భారంలో అధికభాగాన్ని ప్లవన పరికరాలు మోస్తాయి.

సూత్రం

నీటిలో మునిగిన వస్తువుపై, అది తొలగించిన నీటి బరువుకు సమానమైన బలం పైకి పనిచేస్తుందని ఆర్కిమెడిస్ సూత్రం తెలుపుతుంది. కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతానికి ఉత్తరంగా ప్రవహించే తుంగభద్రలో పుట్టి తేలేది కూడా ఈ సూత్రం వల్లనే. అయితే పుట్టి నీటి ఉపరితలంపై తేలుతుంది. సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 3,000 మీటర్ల లోతులో మామూలు బోలు డబ్బా నలిగిపోతుంది. కాబట్టి తేలికగా ఉంటూనే పీడనానికి తట్టుకునే పదార్థం అవసరమవుతుంది.

నిర్మాణం

ఇందుకు సింటాక్టిక్ ఫోమ్ అనే పదార్థాన్ని వాడతారు. కంటికి కనిపించనంత సన్నని బోలు గాజు గోళాలను ఎపాక్సీ వంటి జిగురులో కలిపి గట్టిపరచి దీనిని తయారుచేస్తారు. కొన్ని రకాలలో పెద్ద బోలు గోళాలను కూడా కలుపుతారు. దిమ్మెలను అర్ధవలయాకారంలో పోతపోసి, రెండేసి చొప్పున గొట్టానికి ఇరువైపులా బిగిస్తారు. లోతు పెరిగేకొద్దీ మరింత దృఢమైన, అందువల్ల మరింత బరువైన ఫోమ్ కావాలి. అందుకే ఏ దిమ్మె ఎంత లోతు వరకు పనికివస్తుందో ముందే నిర్ణయిస్తారు.

పరిమితులు

* రైజర్ బరువును పూర్తిగా తొలగించడం ప్రమాదకరం. తుఫాను వచ్చినపుడు రైజర్‌ను బావి నుండి విడదీసి నౌకకు వేలాడదీయవలసి రావచ్చు. అది మరీ తేలికైతే, అలలకు నౌక కిందికి దిగే వేగంతో తాను దిగలేక ఒత్తిడికి గురై వంగుతుంది. అందువల్ల కొన్ని ముక్కలకు దిమ్మెలు బిగించరు.
* దిమ్మెలతో రైజర్ వ్యాసం మీటరు దాటుతుంది. దానితో ప్రవాహాల తోపు పెరుగుతుంది.
* కాలక్రమంలో ఫోమ్ నీటిని పీల్చుకుని తేలే శక్తిని కోల్పోతుంది. కనుక దిమ్మెలను తరచు పరీక్షించాలి.

కృష్ణా-గోదావరి బేసిన్

ఆంధ్రప్రదేశ్ తీరానికి ఆవల ఉన్న ఈ బేసిన్‌లో 2002లో రిలయన్స్ సంస్థ భారీ సహజవాయు నిక్షేపాన్ని కనుగొన్నది. 2009 ఏప్రిల్‌లో కేజీ-డి6 నుండి వాయు ఉత్పత్తి మొదలైంది. ఓఎన్‌జీసీ తన లోతు సముద్రపు బ్లాకు కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 నుండి 2024 జనవరిలో తొలిసారి చమురు వెలికితీసింది. భారత తూర్పుతీరంలో 2013లో ఓఎన్‌జీసీ కోసం ధీరూభాయ్ డీప్‌వాటర్ కేజీ1 అనే నౌక 3,165 మీటర్ల నీటి లోతులో బావి తవ్వింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అంత లోతులో పీడనం ఉపరితలంపై కంటే 300 రెట్లకు పైగా ఉంటుంది.